అద్దెకివ్వడానికి ఇల్లు కొనేవారి మొదటి లెక్క

విద్యార్థులారా! ఇల్లు అనగానే మనకు తలదాచుకునే చోటు గుర్తుకొస్తుంది. ఈ పాఠంలో చెప్పుకోబోయే ఇంట్లో కొన్నవారు ఉండరు. అద్దె వస్తుందని, కొన్నాళ్ళకు ధర పెరుగుతుందని ఆశించి కొంటారు. ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళకే ఇలా కొనేవారున్నారు. రేపు మీలోనూ కొందరు కొంటారు. "అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయి" అనే మాట పెళ్ళిళ్ళలోనో పేరంటాల్లోనో మీరు వినే ఉంటారు. అది ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం.

హైదరాబాదు శివారులో 50 లక్షల రూపాయల ఫ్లాట్ ఒకటి ఉందనుకోండి. బ్యాంకు మొత్తం ధరకు అప్పు ఇవ్వదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల వరకు అయితే ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. కాబట్టి ఇక్కడ గరిష్ఠంగా 40 లక్షలు దొరుకుతుంది. మిగిలిన 10 లక్షలు మనం పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరు. తెలంగాణలో ఇవి 2021 జూలైలో 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన మరో 3,75,000 రూపాయలు. ఇంత ధర ఉన్న ఇంటికి ఈ ఖర్చును విలువలో కలిపి అప్పు ఇవ్వరు. అంటే తాళం చెవి చేతికి రావడానికి 13,75,000 రూపాయల సొంత సొమ్ము కావాలి. కొత్తగా కొనేవారు తరచుగా తడబడేది ఇక్కడే. చేతిలో అంత లేక వ్యక్తిగత రుణమో, బంగారం తాకట్టో పెట్టి తెస్తారు. అప్పుడు మొదటి నెల నుంచే రెండు అప్పులు తీర్చాలి.

ఇప్పుడు వాయిదా చూద్దాం. 40 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుంటే నెలకు దాదాపు 36,000 రూపాయలు కట్టాలి. అద్దె 15,000 వస్తుందనుకోండి. ఏడాదికి పన్నెండు నెలలూ వస్తుందని లెక్క వేయకండి. ఒకరు ఖాళీ చేసి మరొకరు చేరేలోగా ఒక నెల పోయిందనుకుందాం. ఆస్తి పన్ను, రంగులు, కుళాయి మరమ్మతులకు 15,000 తీసేస్తే ఏడాదికి మిగిలేది 1,50,000, నెలకు 12,500. మిగతా 23,500 ప్రతి నెలా జీతంలోంచి తీయాలి.

కట్టిన డబ్బంతా అసలుకు పోతుందా? పోదు. మొదటి వాయిదాలో సుమారు 30,000 వడ్డీకే సరి. మొదటి ఏడాది 4,32,000 కడితే అసలు తగ్గేది 75,000 మాత్రమే. వడ్డీ 3,57,000, చేతికొచ్చిన అద్దె 1,50,000. తేడా 2,07,000. ఈ తేడా పూడాలంటేనే ఫ్లాట్ ధర ఆ ఏడాది 4 శాతానికి పైగా పెరగాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు, సొంత సొమ్ము మీద పోగొట్టుకున్న వడ్డీ ఇంకా ఈ లెక్కలోకి రానే లేదు.

అయినా జనం కొంటున్నారెందుకు? అప్పుకున్న ఒక గుణం వల్ల. ధర 10 శాతం పెరిగితే లాభం 5 లక్షలు. మనం పెట్టింది 13,75,000 కాబట్టి అది 36 శాతం లాభంలా కనిపిస్తుంది. ధర 10 శాతం తగ్గితే అదే 36 శాతం మన సొమ్ములోంచి పోతుంది, వాయిదా మాత్రం తగ్గదు. మొదటి సంగతి చెప్పేవారు చాలామంది దొరుకుతారు, రెండోది చెప్పేవారు అరుదు.

మరి అప్పు ఎంత తీసుకోవాలి? 25 లక్షలతో ఆగితే వాయిదా 22,500కు దిగుతుంది, జీతంలోంచి వేయవలసింది 10,000 చాలు. కానీ సొంత సొమ్ము 28,75,000 కావాలి. ఉన్నదంతా ఇంట్లో పెట్టేస్తే ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు ఒక గది మాత్రం అమ్మలేం కదా! ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు బ్యాంకులో విడిగా లేనివారు కొనడం వాయిదా వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

వడ్డీ రేటు సంగతి మరీ ముఖ్యం. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు మారే వడ్డీపై ఇచ్చే కొత్త గృహరుణాలను రెపో రేటు వంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. 40 లక్షలను 6.5 శాతానికి తీసుకున్నవారి వాయిదా సుమారు 29,800. రేటు 9 శాతమైతే నెల వడ్డీయే 30,000! వాయిదా పెంచకుండా ఉంచితే వడ్డీ కూడా పూర్తిగా తీరదు, అప్పు తగ్గవలసింది పోయి పెరుగుతుంది. అందుకే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశమిచ్చింది. రేటు మారినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా, రెండూనా అన్నది రుణగ్రహీతను అడగాలి. గడువు పెంచితే నెల బరువు తెలియదు గానీ మొత్తం వడ్డీ బాగా పెరుగుతుంది. మారే వడ్డీకి ఒక మేలు కూడా ఉంది. వ్యక్తులు తీసుకున్న ఇటువంటి గృహరుణాన్ని ముందుగా తీర్చినా బ్యాంకులు 2012 నుంచి జరిమానా వేయకూడదు.

కట్టడం పూర్తికాని ఫ్లాట్ కొంత చవకగా వస్తుంది. అయితే ఇల్లు పూర్తయ్యే దాకా అద్దె రాదు, బ్యాంకు విడుదల చేసిన సొమ్ముకు వడ్డీ మాత్రం నడుస్తుంది. నోయిడా, గ్రేటర్ నోయిడాలలో ఆమ్రపాలి సంస్థకు డబ్బు కట్టిన వేలాది కుటుంబాలు ఏళ్ళ తరబడి ఎదురుచూశాయి. చివరికి 2019 జూలైలో సుప్రీంకోర్టు ఆ సంస్థ రిజిస్ట్రేషన్ రద్దు చేసి, మిగిలిన పని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. ఇటువంటి అనుభవాల నుంచి వచ్చినదే 2016 నాటి రేరా చట్టం. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు ఆ ప్రాజెక్టుకే విడి ఖాతాలో ఉంచాలి. విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అయితే రేరా నంబరు ఉన్నంత మాత్రాన స్థలం మీద హక్కు పక్కా అని కాదు. ఈసీ, లింకు దస్తావేజులు న్యాయవాదికి చూపించుకోవలసిందే.

ఇక మీరు చేయవలసిన అభ్యాసం. మీ వీధిలో ఒక ఫ్లాట్ ధర, దాని అద్దె కనుక్కోండి. అద్దెను 11తో గుణించి, పన్నూ మరమ్మతులూ తీసేసి, వచ్చినదాన్ని ధరకు శాతంగా కట్టండి. మన ఉదాహరణలో అది 3 శాతం. ఆ అంకె పక్కన మీ ఊరి బ్యాంకు గృహరుణంపై తీసుకునే వడ్డీని, ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై ఇచ్చే వడ్డీని రాసి, మూడింటినీ తరగతిలో చర్చించండి.