అమరావతి రాయి ఏ గనిది?

అమరావతి స్తూపపు శిల్పాలను చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనో లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనో చూసినవారు అవి పాలరాతివేనని అనుకుంటారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన పలకలకు ఆంగ్లేయులు పెట్టిన పేరు కూడా 'ఇలియట్ మార్బుల్స్'. ఏథెన్స్ నుంచి లండన్‌కు చేరిన పార్థినాన్ శిల్పాలను అప్పటికే ఎల్గిన్ మార్బుల్స్ అంటున్నారు. కానీ పార్థినాన్ కట్టింది ఏథెన్స్ దగ్గరి పెంటెలీ కొండ నుంచి తీసిన అసలైన పాలరాతితో. అమరావతిది సున్నపురాయి. భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి సున్నపురాయిలోని రేణువులు కొత్తగా స్ఫటికాలు కట్టినప్పుడే అది పాలరాయి అవుతుంది. అమరావతి రాతికి ఆ మార్పు జరగలేదు. బురదలా సన్నని రేణువులు, పొరలు పొరలుగా పరుచుకున్న తీరు అలాగే మిగిలాయి. యాసిడ్ చుక్క వేస్తే రెండూ పొంగుతాయి కాబట్టి ఆ పరీక్షతో తేడా తెలియదు. రాతిని పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాలి.

ఇక్కడే డోన్ ప్రాంతానికి ఈ కథతో చుట్టరికం కలుస్తుంది. ఆ ప్రాంతంలోని బేతంచెర్ల గనుల్లో నాపబండలుగా చీల్చి, పాలిష్ పట్టి ఊరూరికీ పంపే రాయి, అమరావతికి ఎగువన కృష్ణ ఒడ్డునున్న పల్నాటి సున్నపురాయి ఒకే వర్గానికి చెందినవని భూగర్భ శాస్త్రం చెబుతుంది. కడప జిల్లా నర్జి పేరు మీద వాటిని నర్జి సున్నపురాయి అంటారు. ఈ రాయి పొర వెంట తేలిగ్గా చీలుతుంది, వెడల్పాటి పలకలనిస్తుంది. అమరావతి స్తూపం గుమ్మటానికి (అండానికి), దాని కింది గుండ్రటి పీఠానికి తొడుగులా అమర్చిన శిల్ప ఫలకాల రూపానికి ఈ గుణమే మూలమని నా అభిప్రాయం. పాలరాతిని గ్రీకులు దిమ్మెలుగా తీసి స్తంభాలు పేర్చారు. మన శిల్పులకు నేల ఇచ్చినవి పలకలు. వాటిమీదే వాళ్లు బుద్ధుడి కథలు చెక్కారు.

వర్గం ఒకటే అయినంత మాత్రాన అమరావతి రాయి డోన్ వైపు నుంచి వెళ్లి ఉండవచ్చని అనలేం. దూరం ఒక్కటే కారణం కాదు. దూరం అడ్డమైతే గ్రీకుల సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. డెల్ఫీలోని అపోలో ఆలయం ముందుభాగాన్ని పారోస్ దీవి పాలరాతితో కట్టారని హెరోడోటస్ రాశాడు. ఆ రాయి సముద్రం దాటి వచ్చింది. అయితే దాన్ని ఓడ మోసింది. మన దగ్గర నీటిదారి అందుకు ఎదురు తిరుగుతుంది. నంద్యాల లోయ నీటిని కుందూ దక్షిణానికి తీసుకుపోయి పెన్నాలో కలుపుతుంది, కృష్ణలో కాదు. పోనీ కర్నూలు దాకా బండ్ల మీద చేర్చి తుంగభద్ర మీదుగా కృష్ణలోకి పంపారనుకుందాం. నల్లమలను చీల్చుకుంటూ పోయే శ్రీశైలం లోయ, దాని రాతి గుండాలు బండలు నింపిన పడవను దాటనిచ్చి ఉండవు. ఆ లోయ దాటాక వచ్చేదే నాగార్జునకొండ, దాని దిగువన పల్నాడు. ఆ నేలలో ఈ సున్నపురాయి నది చేరువలోనే బయటపడి ఉంది, అమరావతి అదే ఒడ్డున ఇంకా దిగువన ఉంది. పక్కనున్న గనిని వదిలి ఎవరూ కొండలవతలి గనికి పోరు.

ఇంత తర్కమెందుకు, ప్రయోగశాలకు పంపితే సరిపోదా అనేది రెండో అభ్యంతరం. 1972లో హార్మన్ క్రెయిగ్, వాలరీ క్రెయిగ్ కర్బన, ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తులతో నాక్సోస్, పారోస్, పెంటెలీ, హైమెట్టస్ పాలరాళ్లను వేరుచేసి చూపారు. గ్రీకు శిల్పాల చరిత్రకు అది గొప్ప మేలు. ఒక్కో గని రాయి పుట్టిన తీరు, ఆ తర్వాత మారిన తీరు వేరువేరు కాబట్టే ఆ తేడా పట్టుబడింది. మన రాయి అలా మారలేదు. ఒకే రకం సముద్రపు అడుగున పేరుకున్న పొరలు కాబట్టి డోన్ ముక్క, పల్నాడు ముక్క దాదాపు ఒకే అంకె చూపించే అవకాశం ఎక్కువ. గవ్వల శిలాజాలతో గుర్తుపట్టడమూ కుదరదు, ఇది గవ్వలు పుట్టకముందటి రాయి. అందుకే ఇక్కడ ఐసోటోపు అంకె ఒక్కటే తీర్పు చెప్పలేదు. నది దారి, పొర మందం, రంగు, అతిస్వల్పంగా కలిసిన లోహాలు, అన్నీ కలిపి చూడాలి. అప్పుడైనా పల్నాడు అన్నంత గట్టిగా ఫలానా ఊరి గని అనాలంటే మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు పొరలను ఒక్కొక్కటిగా నమూనాలు తీసి, మ్యూజియం పలకల చెక్కని వెనుకవైపు నుంచి తీసిన రవ్వలతో పోల్చాలి.