నింగికి హద్దురాళ్లు

ఆకాశంలో ఏ వస్తువు ఎక్కడ ఉందో కచ్చితంగా చెప్పాలంటే కదలని గుర్తులు కావాలి. శతాబ్దాల పాటు ఆ పని నక్షత్రాలే చేశాయి. 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన హైదరాబాదు నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పథకంలో చేరి, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న ఆకాశాన్ని గాజు పలకలపై ఫోటోలు తీసి, నక్షత్రాల స్థానాలను కొలిచి అచ్చువేసింది. ఆ పథకం పట్టికలను హిప్పార్కస్ ఉపగ్రహ కొలతలతో పోల్చడం వల్ల 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల సొంత కదలికలు చేరాయి. అంటే నక్షత్రాలు జరిగిపోయే హద్దురాళ్లు.

జరగని గుర్తులు క్వేసార్లలో దొరికాయి. ఇవి సుదూర గెలాక్సీల నడుమ ఉన్న భారీ కృష్ణబిలాలు పదార్థాన్ని లాక్కునేటప్పుడు వెలిగే కేంద్రాలు. 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ ష్మిట్ 3సి 273 అనే క్వేసార్ వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని గుర్తించాడు. అంత దూరాన ఉన్నవాటి కదలిక మన కంటికి దాదాపు శూన్యం.

వీటి స్థానాన్ని కొలవడానికి వేల కిలోమీటర్ల ఎడంగా ఉన్న రేడియో యాంటెన్నాలు ఒకే క్వేసార్‌ను ఒకేసారి వింటాయి. ఒకే తరంగం రెండు చోట్లకు వేర్వేరు క్షణాల్లో చేరుతుంది కాబట్టి, హైడ్రోజన్ మేసర్ గడియారాల సమయంతో నమోదు చేసిన సంకేతాలను కంప్యూటరులో సరిపోల్చి ఆ వ్యవధిని రాబడతారు. అందులోంచి క్వేసార్ దిక్కు, యాంటెన్నాల మధ్య దూరం, భూమి తిరుగుడు మూడూ తేలుతాయి. అయనావరణం సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది గనుక రెండు పౌనఃపున్యాల్లో విని ఆ దోషాన్ని తీసివేస్తారు.

ఈ పద్ధతితో కూర్చిన అంతర్జాతీయ ఖగోళ నిర్దేశ చట్రం 1998 జనవరి 1న 212 ప్రధాన మూలాలతో అమలులోకి వచ్చింది. 2019 జనవరి 1 నుంచి అమలవుతున్న మూడో రూపంలో 4,536 మూలాలు ఉండగా, వాటిలో 303 చట్రానికి ఆధారాలు. సూర్యుడు గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరగడం వల్ల క్వేసార్లు జరిగినట్టు కనిపించే అతి స్వల్ప మార్పును కూడా ఇందులో లెక్కలోకి తీసుకున్నారు.

ఈ చట్రం అవసరం నేల మీద కూడా ఉంది. ఉదాహరణకు, బళ్లారి జిల్లా సరిహద్దులో తుంగభద్ర ఒడ్డున ఉన్న కంప్లి వద్ద నేల, భూభ్రమణం వల్ల, సెకనుకు సుమారు 448 మీటర్లు తూర్పుకు కదులుతుంది. భూమి ఎంత తిరిగిందన్న లెక్క మిల్లీసెకను తప్పితే, స్థానం చూపే ఉపగ్రహాలను నేలకు ముడిపెట్టే గణితంలో 45 సెంటీమీటర్ల పొరపాటు దొర్లుతుంది. ఆ ఉపగ్రహాలతో పొలం గట్టు కొలిచేటప్పుడు అది చిన్న తేడా కాదు. ఉపగ్రహాల కక్ష్యలు కూడా మెల్లగా పక్కకు తిరుగుతాయి కాబట్టి భూమి తిరుగుడును దీర్ఘకాలం సరిచూడటం వాటివల్ల కాదు. అందుకే రేడియో యాంటెన్నాలు క్వేసార్లను మళ్లీ మళ్లీ విని, భూమి ఎంత తిరిగిందో నిర్ణయిస్తూ ఉంటాయి.