అరకు కాఫీ లిస్ట్‌లో 105 కంటే 98 ముందెందుకొచ్చింది? పైథాన్ నెస్టెడ్ లిస్ట్‌ల సంగతి

అరకు కాఫీ అనగానే మనకి ప్యాకెట్, ఫిల్టర్ గుర్తొస్తాయి. కానీ చెట్టు మీద నుంచి కోసిన పండుకి ఒక డెడ్‌లైన్ ఉంది. కోసిన రోజే మెషిన్‌లో వేసి తొక్క తీయాలి. బస్తాలో అలాగే ఉంచేస్తే పులిసిపోయి రుచి దెబ్బతింటుంది. అందుకే సాయంత్రం బండి ముందు ఏ ఊరికి వెళ్లాలో చెప్పే లిస్ట్ తప్పైతే నష్టపోయేది రైతే.

ఆ లిస్ట్ ఫోన్‌లోనే చేద్దాం. ఘాట్‌లో సిగ్నల్ లేకపోయినా పర్లేదు, పైడ్రాయిడ్ 3 యాప్‌లో పైథాన్ ఆఫ్‌లైన్‌లోనే రన్ అవుతుంది. ఊళ్లు అరకు లోయవే, కిలోలు మాత్రం ఉదాహరణ కోసం నేను వేసినవి. మొదటిది ఎర్రపండ్లు, రెండోది పచ్చికాయలు.

పంట = [["సుంకరమెట్ట", ["98", "12"]], ["మాడగడ", ["105", "9"]], ["చొంపి", ["87", "20"]]]

పైథాన్ 3 తెలుగు వేరియబుల్ పేర్లు ఒప్పుకుంటుంది, కాబట్టి పై లైన్ ఉన్నదున్నట్టు పనిచేస్తుంది. కమాండ్లు మాత్రం ఇంగ్లీష్‌లోనే టైప్ చేయాలి. చదవడానికని ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

ఇండెక్స్ బయటి నుంచి లోపలికి చదవాలి, లెక్క 0 నుంచి మొదలవుతుంది. పంట[1] అంటే మాడగడ వరస మొత్తం. పంట[1][1] అంటే ఆ ఊరి కిలోల లిస్ట్. పంట[1][1][0] అంటే "105". పొరపాటున పంట[1][0][1] అని కొడితే ఎర్రర్ రాదు, "మాడగడ"లోంచి ఒక్క దీర్ఘం గుర్తు "ా" ఊడొస్తుంది! తెలుగులో గుణింతం గుర్తు కూడా విడి క్యారెక్టరే మరి. ఎర్రర్ వచ్చే తప్పు కంటే ఇలాంటిదే డేంజర్.

ఇప్పుడు సార్టింగ్. ఊరికే పంట.సార్ట్() అంటే ప్రతి వరసలో మొదటి ఐటమ్ చూస్తుంది. చొంపి, మాడగడ, సుంకరమెట్ట అని పేర్ల వరసలో వస్తాయి. మనకి కావాల్సింది కిలోలు కాబట్టి కీ ఇవ్వాలి:

పంట.సార్ట్(కీ=ల్యాంబ్డా వ: వ[1][0], రివర్స్=ట్రూ)

రిజల్ట్ చూడండి: 98, 87, 105. అందరికంటే ఎక్కువ పండ్లున్న మాడగడకి బండి ఆఖర్న వెళ్తుంది! కారణం కోట్స్. "105" ఇక్కడ అంకె కాదు, టెక్స్ట్. టెక్స్ట్‌ని ఎడమ నుంచి ఒక్కో క్యారెక్టర్ పోలుస్తుంది, 9 ముందు 1 చిన్నదే కదా. ఫారమ్ నుంచో ఫైల్ నుంచో వచ్చే అంకెలు చాలాసార్లు ఇలా టెక్స్ట్‌గానే దిగుతాయి. మందు ఒక్క పదం:

పంట.సార్ట్(కీ=ల్యాంబ్డా వ: ఇంట్(వ[1][0]), రివర్స్=ట్రూ)

ఇప్పుడు 105, 98, 87. సరదాగా "౧౦౫" అని తెలుగు అంకెలు ఇచ్చి చూడండి, ఇంట్ దాన్నీ 105గానే తీసుకుంటుంది. "105 కిలోలు" అని రాస్తే మాత్రం ఎర్రర్ కొడుతుంది.

రెండు ఊళ్లకీ 98 వస్తే? పైథాన్ వాడే టిమ్‌సార్ట్ (టిమ్ పీటర్స్ 2002లో రాశాడు) టై అయినవాటి పాత వరస చెడగొట్టదు. టైలో పచ్చికాయలు తక్కువున్న ఊరు ముందు రావాలంటే రివర్స్ తీసేసి, కీలో రెండు విలువలివ్వండి: (-ఇంట్(వ[1][0]), ఇంట్(వ[1][1])). మైనస్ పెట్టాం కాబట్టి ఎర్రపండ్లు ఎక్కువున్నవి పైకొస్తాయి.

ఇంకో మాట, పంట = పంట.సార్ట్() అని మాత్రం రాయకండి. సార్ట్ లిస్ట్‌ని ఉన్నచోటే మార్చి నన్ తిరిగిస్తుంది, దాంతో పంట మొత్తం చేజారిపోతుంది. పాతది అలాగే ఉండి కొత్త లిస్ట్ కావాలంటే సార్టెడ్ వాడండి.