అప్పుడప్పుడు మాత్రమే ఇంటర్నెట్టు వాడువారికి ఏది చౌక?



మన బిచ్కుంద ప్రాంతమున చాల యిండ్లలో నేడు సెల్‌ఫోను కలదు. అయినను ఇంటర్నెట్టుతో దినదినము పని గలవారు అందరును కారు. ధాన్యపు సొమ్ము బ్యాంకులో పడినదా యని చూచుటకో, పరీక్షా ఫలితము తెలిసికొనుటకో, దరఖాస్తు పంపుటకో నెలకు రెండు మూడు పర్యాయములు దాని యవసరము కలుగును. అట్టివారు తమ కొద్దిపాటి సొమ్మును ఎట్లు వెచ్చింపవలెనో తెలుపుటకే యీ వ్యాసము.

మొదట ఒక సంగతి చెప్పెదను. మా విద్యార్థిని యొకతె నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్పు పరీక్షలో నెగ్గినది. ఏటికి రూ. 12,000 చొప్పున నాలుగేండ్లు వచ్చు వేతనమది. దరఖాస్తు నింపుటకు కూర్చుంటిమి. తండ్రి సెల్‌ఫోనుకు ఓ.టి.పి. రావలెను, రాలేదు. ఆయన కూలి పని చేసికొనువాడు. ఇంటర్నెట్టుతో తనకు పని లేదని తలచి నెలల తరబడి రీఛార్జి మానివేసెను. ఆ నంబరు రద్దయిపోయెను. క్రొత్త నంబరు తీసికొని, దానిని ఆధారులోను బ్యాంకులోను ఎక్కించునప్పటికి గడువునకు ఒక్క దినమే మిగిలెను. కొన్ని వందల రూపాయల పొదుపు నలువది యెనిమిది వేలకు ముప్పు తెచ్చినది. ఆ తండ్రిని నేను తప్పు పట్టను. లెక్క ఎట్లు వేయవలెనో ఆయనకు ఎవ్వరును చెప్పలేదు.

ఈ చిక్కు నేటిది కాదు. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టును 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగం సంస్థ ప్రారంభించెను. అప్పుడది టెలిఫోను తీగ ద్వారా వచ్చెడిది. ఆ తీగ మనుష్య కంఠధ్వనిని మోయుటకు ఏర్పడినది గనుక, మోడెము అను పరికరము కంప్యూటరు సంకేతములను ధ్వనులుగా మార్చి పంపెడిది. అవతలి మోడెము వానిని మరల సంకేతములుగా మార్చెడిది. మోడెము పలుకుచున్నంత సేపు ఆ టెలిఫోనులో వేరొకరు మాటలాడ వీలులేదు. దీనినే డయలప్ అనిరి. దాని గరిష్ఠ వేగము క్షణమునకు 56,000 బిట్లు. ఒక మెగాబైటు ఛాయాచిత్రములో సుమారు 80 లక్షల బిట్లుండును. భాగించి చూడుడు: ఒక్క చిత్రము వచ్చుటకు రెండు నిమిషములకు పైగా పట్టును.

ఆ సేవకు రెండు మూల్యములుండెను. మొదటిది ఇంటర్నెట్టు కంపెనీకి చెల్లించునది. రెండవది టెలిఫోను బిల్లు. కంపెనీవారి నంబరు దూరపు పట్టణములోనిదైనచో, గంటకింతయని చౌకగా కొన్నదానికి ట్రంకు కాలు ఖర్చు తోడయ్యెడిది. 1998లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి కలిగిన పిమ్మట ధరలు తగ్గెను గాని, ఈ రెండవ మూల్యమును చూడక మోసపోయినవారు పెక్కుమంది.

వారిలో నేనును ఒకడను. ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో 25 గంటల పొట్లమును రూ. 250కి కొంటిని. గంటకు పది రూపాయలే గదా యని సంతోషించితిని. గడువు తీరులోపల అయిదు గంటలే వాడితిని, తక్కినవి రద్దయ్యెను. కావున నాకు గంట యేబది రూపాయలు పడినది. టెలిఫోను బిల్లు వేరు. అప్పుడు పట్టణమున ఇంటర్నెట్టు సెంటరులో గంటకు ఇరువది రూపాయలే. వాడని గంట ఎంత తక్కువ ధరకు వచ్చినను చౌక కాదని నాడు నేర్చుకొంటిని.

డయలప్ కాలము గడిచిపోయినది. అమెరికాలో పేరుపొందిన ఏ.ఓ.ఎల్. సంస్థ కూడ 2025 సెప్టెంబరు 30తో ఆ సేవను నిలిపివేసెను. పద్ధతి మారినను లెక్క మారలేదు. రీఛార్జి చేయుటకు ముందు ఈ విషయములను విచారింపుడు.

మొదటిది, గడువు. 28 దినముల పథకమునకు ఏటికి 12 కాదు, 13 పర్యాయములు చెల్లింపవలెను. ఒక్కొక్కటి రూ. 200 అనుకొనినచో, అది రూ. 2,400 కాదు, 2,600 అగును. ధరను గడువు దినములచే భాగించి, దినమునకెంత పడునో చూచి పోల్చుడు.

రెండవది, వాడుక. దినమునకు ఒకటిన్నర గిగాబైటు ఇచ్చు పథకము చలనచిత్రములు చూచువారికి తగును. ఫలితము చూచుటకు, దరఖాస్తు నింపుటకు కొన్ని మెగాబైట్లు చాలును. డేటా లేక మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు పథకములను కూడ కంపెనీలు ఇచ్చి తీరవలెనని 2024 డిసెంబరులో ట్రాయ్ నియమము చేసినది. అట్టివానికి 365 దినముల వరకు గడువుండవచ్చును. దుకాణములో ఎవరును చెప్పకున్నను, మీరే అడుగుడు.

మూడవది, చిన్న డేటా పొట్లములు. వీనిలో కొన్ని మూల పథకము నడచుచున్నప్పుడే పనిచేయును. కొనుటకు ముందు దీనిని తెలిసికొనుడు.

నాల్గవది, సిగ్నలు. బజారులో చక్కగా అందునది మీ యింటిలో అందకపోవచ్చును. పొరుగువారి ఫోనును మీ యింటిలో పరీక్షించి, పిమ్మట కంపెనీని ఎన్నుకొనుడు.

అయిదవది, మిక్కిలి ముఖ్యమైనది: నంబరు. ఇంటర్నెట్టును మీసేవా కేంద్రములో సొమ్మిచ్చి వాడుకొనవచ్చును. పొరుగువారి హాట్‌స్పాటును అడుగవచ్చును. నంబరును మాత్రము ఎవరును ఎరువియ్యలేరు. మీసేవలో దరఖాస్తు చేసినను ఓ.టి.పి. మీ ఫోనుకే రావచ్చును. రద్దయిన నంబరు కొంతకాలమునకు మరియొకరికి పోవును. అప్పుడు మీ బ్యాంకు సందేశములు అపరిచితుని చేతిలో పడవచ్చును.

కావున అప్పుడప్పుడు వాడువారు మొదట నంబరును నిలుపుకొనవలెను. డేటాను అవసరమైన దినముననే కొనవలెను. విద్యార్థులారా, ఈ సాయంకాలమే మీ యింటి ఫోను గడువు తేదీని చూచి, గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుడు. ఈ లెక్క వేయుటకు మీరు నేర్చిన భాగహారమే చాలును. చదువు రాని తలిదండ్రులకు దానిని చేసి చూపుట మీరు వారికి చేయదగిన చిన్న సేవ.