అది వట్టి అరుపేనా?



సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పక్కగదిలోంచి ఇల్లదిరిపోయేలా ఇంగ్లీషు పాట. "ఏమిట్రా ఆ గోల? తగ్గించు!" అని వంటింట్లోంచి మన కేక. ఆ వెంటనే తలుపు ధడాలున మూసుకుంటుంది. ఇది మీ ఇంట్లోనూ జరిగేదే కదూ? మా ఇంట్లో ఏడాదిపాటు జరిగింది. చివరికి ఒకనాడు మా అబ్బాయి, "అమ్మా, ఒక్క పాట కూర్చుని విను, తరవాత తిడుదువుగాని" అన్నాడు. సరేనని కూర్చున్నాను. అప్పటినుంచి తెలుసుకున్న నాలుగు సంగతులూ మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందు ఆ మోత సంగతి. హెవీ రాక్‌లో గిటారు ధ్వనిని యాంప్లిఫయరు మోయగలిగినదానికంటే ఎక్కువగా అందులోకి పంపుతారు. అప్పుడు ధ్వని తరంగాల కొసలు తెగి, అసలు స్వరం వెంట పైస్థాయి స్వరాలు మరికొన్ని పుట్టుకొస్తాయి. అందుకే అది గరుగ్గా, చిక్కగా వినిపిస్తుంది. చేతకాక కాదు, కావాలనే చేస్తారు. మరి ఇంత మోతలో మనిషి గొంతు వినబడేదెలా? మన చెవి సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనులను చురుగ్గా పట్టుకుంటుంది. గాయకుడు తారస్థాయికి వెళ్ళి, కాస్త జీర కలిపి పాడితే గొంతుకు ఆ మేరలో బలం వస్తుంది. మనకు అరుపుగా తోచేది అదేనన్నమాట.

నేను విన్న మొదటి పాట డీప్ పర్పుల్ బృందం 1970లో విడుదల చేసిన 'చైల్డ్ ఇన్ టైమ్'. పది నిమిషాలు దాటిన పాట. ఆర్గన్ మీద మెల్లగా మొదలవుతుంది. సాహిత్యం నాలుగు మాటలే. ఆ తరవాత ఇయన్ గిలన్ మాటలు వదిలేసి, మన విద్వాంసులు అకారం పట్టినట్టు, మెట్టుమెట్టుగా పైకి వెళతాడు. పాడినప్పటికి అతనికి పాతికేళ్ళు లేవు. వయసు మీదపడ్డాక ఆ ఎత్తు అందుకోవడం కష్టమై, 2002 తరవాత ఆ బృందం కచేరీల్లో ఈ పాట మానేసింది. గొంతు యంత్రం కాదు గదా!

రెండోది పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి పాట, 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. ఇది హెవీ రాక్‌కు దగ్గర చుట్టం అనుకోండి. ఇందులో పాడింది క్లేర్ టోరీ అనే పాతికేళ్ళ యువతి. ఆమెకి మాటలు ఇవ్వలేదు, వరస ఇవ్వలేదు. తన గొంతునే ఒక వాద్యమనుకుని పాడిందామె. ఏడుపు, భయం, వేడుకోలు, చివరికి శాంతి, అన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లీషు రాకపోయినా మనకు అందుతుంది, అసలు మాటలే లేవు కనుక! పాడాక, మరీ ఎక్కువ చేశానేమోనని సిగ్గుపడి, ఈ పాట వాడుకోరులే అనుకుంటూ ఇంటికి వెళ్ళిపోయిందట.

ఆవేళ ఆమెకి ముట్టింది 30 పౌండ్లు. ఆ రికార్డు లోకమంతా కోట్లలో అమ్ముడుపోయింది. పాటకర్తగా మాత్రం పేరు ఒక్క రిక్ రైట్‌దే. వరస అప్పటికప్పుడు అల్లింది తనే కదా అని ఆమె 2004లో కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది కోర్టు బయట రాజీ కుదిరింది. ఆ తరవాతి ముద్రణల్లో రైట్ పక్కన ఆమె పేరూ చేరింది. ముప్పై రెండేళ్ళు పట్టింది చూశారా! "ఏముంది, కాసేపు పాడింది" అని తేల్చేసిన పని అది. ఇంట్లో మన పనిని గురించి కూడా ఇలాంటి మాటే వింటూ ఉంటాం కాబట్టి, ఈ కథ నా మనసుకు మరీ పట్టింది.

ఒక్క జాగ్రత్త. రోజుకి 8 గంటలపాటు 85 డెసిబెల్స్ మించిన మోత వింటే చెవికి చేటు. కాబట్టి పిల్లలకు "తగ్గించు" అని చెప్పండి, చెప్పాల్సిందే. కాని "ఆపెయ్" అనేముందు ఒక్క పాట పక్కన కూర్చుని వినండి. మా ఇంట్లో ఇప్పుడా తలుపు తెరిచే ఉంటోంది.

సెలవు.