పాత కారుకు తలంటు

కారు కొన్నవారు ఆ సంగతి పదిమందికీ చెబుతారు. అమ్మినవారు చెప్పరు. ఎంతకు పోయిందని అడుగుతారేమోనని భయం, తక్కువకు పోయిందంటే నామోషీ. మొన్న నేను మా పాత వ్యాగనార్‌ను అమ్మాను. ధరతో సహా చెప్పేస్తున్నాను. మనవాళ్ళలో చాలామంది యిళ్ళ ముందు యిలాంటి పాత బండి ఒకటి వుంటుంది కనుక ఎవరికైనా పనికి రావచ్చు.

మా బండి 2013 నాటిది. మా ఆవిడ మోకాలి ఆపరేషనుకు డబ్బు కావలసి వచ్చింది. నాకేమో రాత్రిపూట అత్తిబెలె హైవే మీద ఎదురు బండ్ల లైట్లు కళ్ళలో గుచ్చుకొంటున్నాయి. రెండూ కలిసి వచ్చాయి, అమ్మేద్దామనుకొన్నాం. పాత కార్ల వర్తకుడొకాయన దగ్గరకు తీసుకుపోతే, చుట్టూ ఒక్కసారి తిరిగి, లోపలికి తలపెట్టి చూసి, మూతి విరిచి, "లక్షా అరవై అయిదు వేలు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. యింటికి వచ్చి, ఆయన చూసినట్టే నేనూ బండి చుట్టూ తిరిగి లోపల తలపెట్టి చూశాను. కోపం చాలావరకు తగ్గిపోయింది.

మా నాన్నగారి కాలంలో యీ బాధ లేదు. అంబాసిడరుకో ఫియట్‌కో పేరు రాయించుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజులవి. పాత బండి ఎలా వున్నా కళ్ళకద్దుకొని తీసుకొనేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తరువాత ఆ కరువు మెల్లమెల్లగా తీరింది. 2014లో అంబాసిడరు తయారీయే ఆగిపోయింది. యిప్పుడు కొనేవాడు యింట్లో కూర్చొని ఫోనులో యాభై బండ్ల బొమ్మలు చూసి, ఒకటో రెండో చూడడానికి బయలుదేరుతాడు. ఆ రెండింట్లో మనది వుండాలంటే బండి మొహం కాస్త కడిగి వుండాలి గదా!

మా బావమరిది బొమ్మసంద్రలో పనిచేస్తాడు, యంత్రాల సంగతి తెలిసినవాడు. "బావా, బండంతా రంగు వేయించండి, కొత్త టైర్లు వేయించండి, యిరవై వేలు ఎక్కువ వస్తుంది" అన్నాడు. లెక్క వేస్తే ఆ రెండింటికీ ముప్ఫై వేలు దాటుతుంది! పైగా ఒక మెకానిక్కు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది: కొత్త రంగు చూస్తే కొనేవాడికి ముందు వచ్చే ఆలోచన "ఏ గుద్దుడు దాచిపెట్టారో" అని. రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరాలు కూడా యిప్పుడు వచ్చాయి, తెలివైనవాడు అది పట్టుకొనే వస్తాడు. అందుచేత రంగు వద్దు, టైర్లు వద్దు, సబ్బూ గుడ్డా చాలునని తీర్మానించుకొన్నాను.

ముందు స్నానం. మన ఆనేకల్లు, జిగణి వైపు ధూళి మామూలు ధూళి కాదు. రాళ్ళు కోసేచోట్లనుంచి లేచిన గ్రానైటు పొడి అందులో కలిసి వుంటుంది. రోజూ పొద్దున్నే పసుపుపచ్చ గుడ్డతో బండిని పొడిగా తుడవడం మనకో అలవాటు. అలా తుడిచినప్పుడల్లా ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడు మాదిరి సన్నగీతలు కనబడతాయే, అవి యీ గుడ్డ చేసిన ఘనకార్యమే. ముందు నీళ్ళు ధారగా పోసి మట్టి దిగిపోనిచ్చి, ఆ తరువాతనే గుడ్డ తాకించాలి. బకెట్లు రెండు వుండాలి, ఒకటి షాంపూనీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించడానికి. గిన్నెలు తోమే సబ్బు వాడితే జిడ్డుతో పాటు మైనపు పూత కూడా పోతుంది, కార్ల షాంపూయే మంచిది.

రెండో చిక్కు మన బోరునీళ్ళు. సున్నం ఎక్కువ. ఎండలో కడిగి వదిలేస్తే తెల్లచుక్కలు పడి గట్టిగా పట్టుకొంటాయి. నీడలో కడిగి, ఆరకముందే మెత్తటి గుడ్డతో నీరంతా ఒత్తుకోవాలి. పాత చుక్కలకు వెనిగరులో సగానికి సగం నీళ్ళు కలిపి అద్ది, వెంటనే కడిగేశాను. అద్దాల మీదివి బాగా పోయాయి, రంగు మీదివి కొన్ని వుండిపోయాయి. ఆపైన రబ్బింగు కాంపౌండు చేత్తో మెల్లగా, దానిమీద పాలిష్. రెండు ఆదివారాలు పట్టింది. మోచేతులు ఎంత నొప్పి పెట్టాయంటే మా ఆవిడ తన మోకాలికి రాసుకొనే తైలం తీసి నాకిచ్చింది.

మన బండ్లకు మాత్రమే వుండే మరకలు కొన్ని వున్నాయి. ప్రతి ఏటా ఆయుధపూజకు బానెట్టు మీద పెట్టిన పసుపు, కుంకుమ, విభూతి పట్టీలు. పూలదండ కట్టిన చోట్ల గీతలు. నిమ్మకాయ పిసికిన చోట మచ్చ. వీటిలో పై పై మరకలు పాలిష్‌తో పోతాయి, లోపలికి దిగినవి పోవు. వెనక అద్దం మీద మా పిల్లల పేర్లు అంటించి వుండేవి. వాటిని జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చచేసి లాగితే అట్టముక్కలా వచ్చేశాయి. మిగిలిన జిగురును కొబ్బరినూనెతో నానబెట్టి తుడిచాను. పేర్లు పోయాయి గాని, తలుపు మీది దేవుడి బొమ్మ తీసిన చోట మాత్రం పాతరంగు కొత్తగా, కొత్తరంగు పాతగా, ఓ గుండ్రటి నీడ మిగిలిపోయింది. దానికి మందు లేదు.

హెడ్‌లైట్లు పచ్చబడి ముసలివాడి కళ్ళల్లా వున్నాయి. అవి గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్కు. ఎండకు పైపూత పోయి మసకబారతాయి. చుట్టూ టేపు అంటించి, నీళ్ళ ఉప్పుకాగితం 800, 1500, 2000 నంబర్లు వరుసగా తడుపుతూ రుద్ది, చివర పాలిష్ చేస్తే తళతళలాడాయి. అయితే ఒక సంగతి: రక్షణపూత మళ్ళీ వేయకపోతే కొన్ని నెలలకు మళ్ళీ పచ్చబడతాయి. కొనేవాడికి ఆ మాట చెప్పాను.

లోపలి వాసన సంగతి కొనేవాళ్ళు నోటితో చెప్పరు గాని ముక్కుతోనే సగం తీర్పు యిచ్చేస్తారు. అత్తరు చల్లి కప్పిపెడితే లోపల తేమ వుందేమోనని అనుమానిస్తారు. చాపలు తీసి ఎండలో వేశాను. సీట్ల మీద వంటసోడా చల్లి రాత్రంతా వుంచి, పొద్దున వాక్యూమ్‌తో లాగేశాను. వేరుశనక్కాయ తొక్కలు, రూపాయి బిళ్ళలు ఏడు, మా మనవడు పోయిందని రెండేళ్ళ క్రితం ఏడ్చిన ఎర్ర బొమ్మలారీ, అన్నీ సీట్ల కింద దొరికాయి. ఎదుటి సొరుగు వెనక వుండే ఏసీ ఫిల్టరు తీసి చూస్తే నల్లటి తలగడలా వుంది. అది మార్చాక ఏసీ గాలే మారిపోయింది.

యింజనును పైపుతో కడగలేదు. కరెంటు కలయికల్లో నీరు దిగితే లేని రోగం తెచ్చుకొన్నట్టే. తడిగుడ్డ, పాత పళ్ళబ్రష్షు చాలు. బ్యాటరీ కొసల మీద పేరుకొన్న తెల్లపొడిని, తీగలు విప్పి, వంటసోడా నీళ్ళతో తుడిచి, ఆరాక వాసెలిన్ రాశాను. ముత్యాలమడువుకు వెళ్ళినప్పుడు కోతులు పీకిన వైపరు రబ్బరు అలాగే వేలాడుతుండేది, అదీ మార్చాను.

ఖర్చు రాసిపెట్టాను: షాంపూ 250, గుడ్డలు 300, కాంపౌండు పాలిష్‌లు 550, ఉప్పుకాగితం 120, ఏసీ ఫిల్టరు 350, వైపర్లు 500, గీతలు పూడ్చే రంగు 300. మొత్తం 2,370 రూపాయలు.

యిక కాగితాలు. వీటికి ఖర్చు తక్కువ, భయం ఎక్కువ. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు, సర్వీసు రసీదులు, రెండో తాళంచెవి ఒక సంచిలో పెట్టుకొన్నాను. కట్టని ట్రాఫిక్కు జరిమానాలు చూసుకొని కట్టేశాను. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరింది గాని, ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే వుంది! బ్యాంకు పత్రంతో ఫారం 35 పెట్టి తీయించాను. సొంత కారుకు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ళు, ఆ తరువాత అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. మా బండికి 2028 వరకు వుంది, కొనేవాళ్ళందరూ మొదట అడిగింది అదే.

మొదట వచ్చినాయన హోసూరు మనిషి. మాట మనమాటే, బేరమూ బాగుంది. కాని హోసూరు పది పదిహేను మైళ్ళే అయినా వేరే రాష్ట్రం. ఫారం 28 మీద యిక్కడినుంచి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి, అక్కడ మళ్ళీ పన్ను కట్టి కొత్త నంబరు వేయించాలి. "యిప్పటికి యిలాగే తోలుకొంటాను, తరువాత చూద్దాం" అన్నాడు. నేను వద్దన్నాను. కారణం చెబుతాను. బండి మరొకరికి, ఆయననుంచి యింకొకరికి పోయి, ఆర్‌సీలో మాత్రం మొదటివాడి పేరే వుండిపోయిన ఒక కేసులో, ప్రమాదానికి నష్టపరిహారం బాధ్యత ఆ పేరున్నవాడిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డబ్బు తీసుకొని తాళాలు యిచ్చేస్తే మన పని అయిపోదు. ఫారం 29, 30 పెట్టించి, అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో అమ్మినవాడు తెలియజేయాలి. ఫాస్టాగ్‌ను కూడా మూయించాలి. లేకపోతే ఆయన అత్తిబెలె టోలు దాటినప్పుడల్లా మన ఖాతాలో డబ్బు పోతుంది. యింకొకటి: క్లెయిములు లేనందుకు యిన్సూరెన్సులో వచ్చే తగ్గింపు మనిషిది, బండిది కాదు. కంపెనీ దగ్గర పత్రం తీసుకొంటే మూడేళ్ళలోపు మరో కారుకు వాడుకోవచ్చు. చాలామంది వదిలేసుకొంటారు.

రెండోసారి వచ్చింది అత్తిబెలెలో కాపురముంటున్న కుర్రవాడు, భార్యతో వచ్చాడు. పెద్దలు కుప్పం వైపువారట. బండి నచ్చింది. రెండు లక్షల పాతికవేలన్నాను. అతను కాగితాలు చూస్తుండగా నాకు ఎడమ వెనక తలుపు గుర్తుకు వచ్చింది. నాలుగేళ్ళ క్రితం మా గేటు స్తంభానికి నేనే గుద్దాను. తలుపు సరిచేయించి ఆ ఒక్కదానికి రంగు వేయించాను. చూస్తే తెలియదు. మా బావమరిది పక్కనే నిలబడి నా వైపు కళ్ళతో సైగ చేస్తున్నాడు. ఆపరేషను తేదీ అప్పటికే ఖాయమైంది, పదిహేను వేలంటే మందుల ఖర్చు.

"బాబూ, ఆ తలుపు ఒకసారి దెబ్బతిన్నది. సరిచేయించినది" అన్నాను.

అతను వంగి, రంగు మీద చెయ్యివేసి తడిమి చూశాడు. "ఎవరు గుద్దారు సార్?"

"నేనే. స్తంభం కదల్లేదు."

ఆ అమ్మాయి నవ్వింది. అతను పదిహేను వేలు తగ్గించమన్నాడు, సరేనన్నాను. రెండు లక్షల పదివేలకు తెగింది. వాళ్ళు వెళ్ళాక మా బావమరిది చాలాసేపు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం, "ఆ వర్తకుడి కంటె నలభై అయిదు వేలు ఎక్కువే గదండీ" అని కాఫీ యిచ్చింది.

చందాపుర ఆర్‌టీఓలో అర్జీలు పెట్టిన రోజునే రసీదు నకలు నేనొకటి దాచుకొన్నాను. మూడు వారాల తరువాత బండి పేరు మారినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. అప్పటికి మా ఆవిడ చేతికర్ర పట్టుకొని వీధి చివరదాకా నడుస్తోంది. బండి నిలబెట్టే చోట ఎర్ర బొమ్మలారీ తోలుకొంటున్నాడు మా మనవడు.