తొట్టెలో నీటి మార్పిడి

చేపల తొట్టెలోని నీరు తేటగా ఉన్నంత మాత్రాన నిర్మలమని భావించరాదు. విసర్జితాల నుండి, కుళ్ళిన మేత నుండి పుట్టే అమ్మోనియా కంటికి కనబడకుండానే చేపల ప్రాణం తీస్తుంది. అందుచేత వారానికొకసారి నాలుగో వంతు నీటిని మార్చాలి. అంతా ఒక్కసారే మార్చడం శుభ్రత కాదు, చేపలకు శిక్ష.

అడుగు కోసిన చిన్న ప్లాస్టిక్ సీసా మూతికి గొట్టం బిగిస్తే సైఫన్ సిద్ధమవుతుంది. దానిని తొట్టెలో ముంచి, గాలి లేకుండా నీటితో నింపి, గొట్టం కొనను వేలితో మూసి, కిందనున్న బకెట్టులోకి దించి వేలు తీయాలి. ఆ కొన తొట్టె నీటిమట్టానికి దిగువన ఉన్నంతసేపూ నీరు అంచు దాటి తానే ప్రవహిస్తుంది. వెడల్పైన సీసాలో ప్రవాహవేగం తక్కువ కనుక తేలికైన మలినాలు పైకి పోగా, గులకరాళ్ళు అడుగునే నిలుస్తాయి.

కొత్తగా పోసే కొళాయి నీటిని ఒకరోజు వెడల్పాటి పాత్రలో నిలువ ఉంచాలి. లేనిచో అందలి క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది.